పెట్టెలో చిక్కుకున్న మాటలు

తెనాలిలోని ఆ ఇంటి ముందుగదిలోకి ఎవరు అడుగుపెట్టినా మొదట కనిపించేవి రెండు పెట్టెలు. నల్ల రెక్సిన్ తొడుక్కుని చెరో మూలా ద్వారపాలకుల్లా నిలబడి ఉండేవి. లోపలి కొలతల్లో ఒక్కోటీ అడుగు వెడల్పు, అడుగు లోతు, అడుగున్నర ఎత్తు. ముందువైపు ఎనిమిదంగుళాల స్పీకరు. దాని కింద మూడంగుళాల గుండ్రటి చిల్లు.

‘ఆ చిల్లెందుకండీ?’ అని వచ్చినవాళ్లు అడగడమే ఆలస్యం... ఇంటాయన కుర్చీ ముందుకు జరుపుకునేవారు. ‘పెట్టె ఊపిరి తీసుకోవద్దటండీ మరి!’ అంటూ మొదలుపెట్టేవారు. వంటింట్లో ఆయన భార్య స్టవ్ మీద కాఫీకి నీళ్లు పెట్టేది. ఆ ఉపన్యాసం ఎంతసేపు సాగుతుందో ఆవిడకి తెలుసు. కాఫీ కాగి, చల్లారి, మళ్లీ వేడిచేసేంతసేపు!

ఆయన తపాలా శాఖలో పనిచేశారు. పగలంతా మనియార్డర్లు, రిజిస్టర్లు. సాయంత్రమైతే సోల్డరింగ్ ఐరన్. వీధిలో ఎవరి ట్రాన్సిస్టర్ మూగబోయినా ఆయన దగ్గరికే వచ్చేది. రేడియో బాగుచేసి డబ్బులు పుచ్చుకున్నది లేదు. ‘పాట తిరిగొచ్చింది, చాలు’ అనేవారు.

ఆ పెట్టెలు 1988లో తయారయ్యాయి. అప్పటికే ఆయన సొంతంగా ఆంప్లిఫయరు కట్టుకున్నారు. రెండు రోజులు సెలవు పెట్టి, రైలెక్కి మద్రాసు వెళ్లి, రిచీ స్ట్రీట్‌లో కొట్టుకొట్టూ తిరిగి రెండు స్పీకర్లు కొన్నారు. వాటిని తువ్వాల్లో చుట్టి, పసిపిల్లల్లా ఒళ్లో పెట్టుకుని తెచ్చారు. వడ్రంగిని పిలిచి ముప్పావు అంగుళం ప్లైవుడ్ కోయించారు. ‘గాలి పోయే సందు ఉండకూడదు’ అని అతుకులన్నిటికీ ఫెవికాల్ దట్టించారు. అంతా అయ్యాక ముందువైపు చిల్లు కోయమన్నారు. ‘ఇంతసేపూ గాలి పోకూడదన్నారు కదయ్యా!’ అని వడ్రంగి రంపం కింద పెట్టేశాడట. ఆ సంగతి చెప్పి ఇరవయ్యేళ్లు నవ్వారాయన.

అయితే ఒక సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఆ చిల్లు ఎందుకో ఆయనకు తెలుసు. ఎంత ఉండాలో, ఎక్కడుండాలో మాత్రం తెలియదు. మద్రాసు కొట్లో చూసిన పెట్టెకి అక్కడుంది... ఇక్కడా పెట్టించారు. అంతే!

కుండ నేర్పిన పాఠం

చిల్లు సంగతి ఆయనకు మొదట నేర్పింది మట్టికుండ. ఒకప్పుడు పల్లెల్లో కుండ మూతి మీద స్పీకరు బోర్లించి పాటలు వినేవారు. ఉత్తి స్పీకరు కీచుమంటుంది. అదే కుండమీద పెడితే డోలు డోలులా మోగుతుంది. కుర్రతనంలో ఆయనా ఆ పని చేశారు. నీళ్లకుండ ఖాళీ చేసినందుకు వాళ్లమ్మ చేత తిట్లూ తిన్నారు.

కారణం తేలికే. స్పీకరు అట్ట ముందుకి కదిలితే ముందున్న గాలి దగ్గరవుతుంది. అదే క్షణంలో వెనకున్న గాలి పల్చబడుతుంది. ముందు కూడిక, వెనక తీసివేత. స్పీకరు ఆరుబయట ఉంటే ఈ రెండూ అంచు చుట్టూ తిరిగి కలిసిపోతాయి. మంద్ర ధ్వనులన్నీ అక్కడే చెల్లుకు చెల్లు అయిపోతాయి. వెనక గాలిని పెట్టెలో బంధిస్తే ఆ గొడవుండదు.

మరి పూర్తిగా మూసేస్తే సరిపోదా? సరిపోతుంది. అమెరికాలో ఎడ్గార్ విల్చర్ 1954లో అచ్చంగా అలా మూసిన పెట్టెతోనే చిన్న స్పీకరులో పెద్ద బేస్ పలికించాడు. కానీ అందులో వెనక ధ్వని అంతా వృథా. దాన్ని కూడా పనికి పెట్టడమెలా అన్న ఆలోచన అంతకుముందే వచ్చింది. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన ఆల్బర్ట్ థురాస్ 1930లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు, 1932లో వచ్చింది. పెట్టెకో దారి వదిలితే, ఆ దారిలోని గాలి ఒక శ్రుతి దగ్గర తనే స్పీకరులా ఊగుతుంది. లోపలి తీసివేతని కూడికగా మార్చి బయటకి పంపుతుంది. అదీ చిల్లు చేసే మాయ.

ఈ మాయ గోలీసోడా సీసాకీ తెలుసు. మూతి దగ్గర ఊదితే ‘బూఁ’ అంటుంది. మూతిలోని గాలి బరువులాంటిది. కడుపులోని గాలి స్ప్రింగులాంటిది. స్ప్రింగు మీద బరువు ఊగినట్టు ఊగుతుంది. జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ పంతొమ్మిదో శతాబ్దంలోనే ఇలాంటి బోలు గుండ్లు చెవికి పెట్టుకుని ధ్వనిలోని శ్రుతుల్ని విడదీసి చూశాడు. మెడ పొడవు పెరిగితే శ్రుతి దిగుతుంది. నోరు పెద్దదైతే శ్రుతి పెరుగుతుంది. కడుపు పెద్దదైతే దిగుతుంది. ఇంతే సూత్రం.

మన పోస్టుమాస్టరు గారి పెట్టెకి కడుపుంది. నోరుంది. మెడ లేదు!

మూడు ప్రయోగాలు... మూడు తప్పులు

1988లో మొదటిసారి పాట పెట్టినప్పుడు వీధంతా వచ్చింది. గోడమీది క్యాలెండరు ఊగింది. ‘అబ్బో, ఏం బేసండీ!’ అన్నారందరూ. ఆయన పొంగిపోయారు. భార్య మాత్రం కాస్త ఆగి, ‘మృదంగం, డోలక్, తబలా... అన్నీ ఒకేలా మోగుతున్నాయేమిటండీ?’ అంది.

ఆవిడ మాట కొట్టిపారేయడానికి లేదు. ఆవిడ అన్నగారు మృదంగం నేర్చుకున్నారు. ఎడమవైపు మూతకి తడిపిన రవ్వ ముద్ద అద్దితే నాదం ఎలా కిందికి దిగుతుందో చిన్నప్పట్నుంచీ విన్న చెవులు. ఆవిడ చెప్పింది నిజం. మెడలేని చిల్లు కాబట్టి పెట్టె 60 హెర్ట్జ్‌కి కాస్త పైన మోగుతోంది. ఏ వాయిద్యం వచ్చినా ఆ ఒక్క శ్రుతిలోనే గుంయ్‌మంటోంది.

రెండో ప్రయోగం 1993లో. ‘లోపల దూది కూరితే హోరు తగ్గుతుంది’ అని ఎవరో చెప్పారు. పాత పరుపు చింపి, పెట్టెల నిండా కూరేశారు. హోరు తగ్గింది. దాంతోపాటు బేసూ పోయింది. చిల్లు వెనక దూది అడ్డంపడితే గాలి ఊగేదెలా? పెట్టె దగ్గు పట్టినట్టు అయిపోయింది. పరుపూ పోయింది, పాటా పోయింది. వారం తర్వాత దూదంతా లాగేశారు.

మూడోది, పోయిన బేసుని రప్పించడానికి పెట్టెల్ని మూలలకి నెట్టడం. నేలా రెండు గోడలూ కలిసే చోట మంద్ర ధ్వని బలపడుతుంది. అది తెలియకుండానే ఆయన దాన్ని కనిపెట్టారు. దూది తీసేశాక కూడా పెట్టెలు మూలల్లోనే ఉండిపోయాయి. అసలే హోరెత్తే పెట్టె, ఆపైన మూల. అక్కడితో ప్రయోగాలు ఆగాయి. పిల్ల చదువు, ఇంటి అప్పు, బదిలీలు... పెట్టె విప్పే తీరికెక్కడిది?

‘మీరు వినండి’

2006లో ఆయన రిటైరయ్యారు. ఇక రోజంతా పాటలే అనుకున్నారు. పొద్దున్నే విజయవాడ ఆకాశవాణి భక్తిరంజని, సాయంత్రం ఘంటసాల పాటలు. పెళ్లయిన కొత్తలో ఇద్దరూ చిన్న ట్రాన్సిస్టర్ ముందు కూర్చుని విన్నవే. ఇప్పుడు పెద్ద పెట్టెలున్నాయి, తీరికుంది.

కొన్నాళ్లు బాగానే సాగింది. తర్వాత్తర్వాత ఆవిడ రావడం తగ్గించింది. పాట పెట్టగానే ఏదో పని గుర్తుకొచ్చేది. చిక్కుడుకాయలు ఒలవాలనేది. పెరట్లో బట్టలు తీయాలనేది. ‘రావే, నీకిష్టమైన పాటే’ అని పిలిస్తే, ‘మీరు వినండి’ అనేది. ఒకరోజు గట్టిగా అడిగారు. ఆవిడ తల దించుకుని అంది... ‘మాటలు తెలియడంలేదండీ. హోరే వినిపిస్తోంది.’

ఆయనకు ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఇరవయ్యేళ్లుగా వచ్చినవాళ్లందరికీ చూపించుకున్న పెట్టెలు. అవి ఇంట్లో మనిషినే గదిలోంచి తరిమేశాయా?

2008 సంక్రాంతికి కూతురు వచ్చింది. గుంటూరులో జూనియర్ కాలేజీ ఫిజిక్స్ లెక్చరరు. భోగి మర్నాడు తండ్రి టేపు, పెన్సిలు పట్టుకుని పెట్టె ముందు కూర్చోవడం చూసింది. ‘ఏంటి నాన్నా, మళ్లీనా?’ అంది. ఆయన నవ్వలేదు. ‘మీ అమ్మకి మాటలు వినపడాలమ్మా’ అన్నారు. కూతురు చున్నీ నడుముకి చుట్టుకుని పక్కనే కూలబడింది.

మెడ దొరికింది

మొదట కొలతలు. లోపలి కడుపు సుమారు 42 లీటర్లు. స్పీకరు, మూలబద్దలు పోగా నికరంగా 40. సైజు 75 మిల్లీమీటర్ల పీవీసీ గొట్టం మూడంగుళాల చిల్లులో సరిగ్గా పడుతుంది. దాని లోపలి వ్యాసం సుమారు 7 సెంటీమీటర్లు. 40 హెర్ట్జ్ దగ్గర ఊగాలంటే 13 సెంటీమీటర్ల పొడవు కావాలి. అంటే అయిదంగుళాలు. గొట్టం రెండు చివర్లలోనూ కొంత గాలి దాంతోపాటే కదులుతుంది. కాబట్టి గొట్టం ఉన్నదానికన్నా పొడవున్నట్టే లెక్క. మెడలేని ఉత్త చిల్లు కూడా మోగింది అందుకే.

‘ఇంత లెక్కుందా దీనికి!’ అన్నారాయన. ఆ లెక్కకి మెరుగులు దిద్దింది ఆస్ట్రేలియా ఇంజినీరు నెవిల్ థీల్. చిల్లుపెట్టెల గురించి 1961లో ఆయన రాసిన వ్యాసం పదేళ్ల తర్వాత అమెరికా పత్రికలో మళ్లీ అచ్చయింది. అప్పుడుగానీ ప్రపంచం పట్టించుకోలేదు. సిడ్నీలోనే పరిశోధన చేసిన రిచర్డ్ స్మాల్ 1970ల్లో దాన్ని ముందుకు తీసుకెళ్లాడు. స్పీకరు గుణాలు కొన్ని కొలిస్తే చాలు, దానికెంత పెట్టె కావాలో, ఎంత గొట్టం కావాలో కాగితం మీదే తేలిపోతుంది. ఇప్పటికీ ఆ కొలతల్ని ఆ ఇద్దరి పేర్లతోనే పిలుస్తారు. ఆయన కొన్న స్పీకర్లతో అలాంటి కాగితమేదీ రాలేదు. కాబట్టి చెవే కొలబద్ద.

గొట్టాన్ని ముందు ఏడంగుళాలు కోశారు. పొడుగుంటే కత్తిరించుకోవచ్చు, పొట్టిదైతే అతకలేం. ఏడంగుళాలకి హోరు పోయింది గానీ పాట బక్కచిక్కినట్టుంది. అరంగుళం అరంగుళం తగ్గిస్తూ వచ్చారు. అయిదు దగ్గర ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గొట్టం లోపలి మూతికీ వెనక చెక్కకీ మధ్య ఇంకా ఏడంగుళాల ఖాళీ ఉంది. కనీసం గొట్టం వ్యాసమంత ఖాళీ ఉండాలి, లేకపోతే గొంతు నొక్కినట్టే.

సరిగ్గా కుదిరిందో లేదో చూడ్డానికి కూతురు లాప్‌టాప్‌లోంచి ఒక్కో శ్రుతీ పంపింది. స్పీకరు మధ్యలో సుద్దముక్కతో చుక్క పెట్టింది. చిల్లు ముందు అగరుబత్తి వెలిగించింది. 60 హెర్ట్జ్ దగ్గర చుక్క అలుక్కుపోయినట్టు కనిపిస్తోంది. శ్రుతి దించుకుంటూ వస్తే 40 దగ్గర చుక్క దాదాపు నిలబడిపోయింది. అగరుబత్తి పొగ మాత్రం పిచ్చెత్తినట్టు చెదిరిపోతోంది.

‘స్పీకరు నోరుమూసుకుంటే చిల్లు పాడుతోందమ్మోయ్!’ అని అరిచారాయన. ఆ క్షణంలో ఆయన వయసు అరవై రెండు కాదు... పన్నెండు.

‘ఇంకా దింపొద్దు నాన్నా’ అని కూతురు ఆపేసింది. ఆ శ్రుతికన్నా బాగా కిందికి వెళితే లోపలి గాలి స్పీకరుని పట్టుకోదు. పగ్గంలేని గుర్రమే. అట్ట ఎగిరెగిరిపడి తెగిపోయినా తెగిపోతుంది.

ఒక దిండు బలి

హోరు తగ్గింది. అయినా మాటల్లో ఏదో మసక. గొంతు డబ్బాలోంచి వస్తున్నట్టుంది. దానికి కారణం వేరే. పెట్టెలో ఎదురెదురు గోడల మధ్య ధ్వని అటూఇటూ కొట్టుకుంటుంది. అడుగున్నర ఎత్తుకి సుమారు 375 హెర్ట్జ్ దగ్గర, అడుగు వెడల్పుకి 560 దగ్గర గట్టిగా నిలుస్తుంది. వెడల్పూ లోతూ రెండూ అడుగే కావడంతో అవి రెండూ ఒకే శ్రుతిలో మోగుతాయి. అందుకే పెట్టె చేసేటప్పుడు ఏ రెండు కొలతలూ ఒకటి కాకుండా చూసుకోవడం మంచిది. మనిషి గొంతులో అచ్చులు పలికేది ఆ ప్రాంతంలోనే. లోపలి ప్రతిధ్వని స్పీకరు అట్టలోంచీ, చిల్లులోంచీ బయటికొచ్చి అసలు గొంతుకి అడ్డుపడుతుంది.

దీనికి మందు మెత్తటి లైనింగు. మామూలుగా గ్లాస్‌వూల్ వాడతారు. అది ఒళ్లంతా దురద పెడుతుంది, ముక్కుకి గుడ్డ కట్టుకోకుండా ముట్టుకోకూడదు. ఇంట్లో పాలిస్టర్ దూది దిండు ఉంటే దాన్నే చింపారు. వెనక చెక్కకీ, పైచెక్కకీ, పక్కన ఒకదానికీ అంగుళం మందాన అంటించి, జారకుండా చిన్న మేకులు కొట్టారు. గొట్టం చుట్టూ మాత్రం జానెడు మేర వదిలేశారు.

‘పరుపు కూరితే పాడైంది, దిండు అతికిస్తే బాగవుతుందా?’ అని ఆయనకి అనుమానం. అక్కడే ఉంది కిటుకు. పూర్తిగా మూసిన పెట్టెలో దూది వదులుగా నిండా నింపొచ్చు. దాంతో పెట్టె కాస్త పెద్దదైనట్టు కూడా ప్రవర్తిస్తుంది. చిల్లుపెట్టెలో గోడలకి మాత్రమే అతికించాలి. మధ్య శ్రుతులు ఆ మెత్తదనంలో ఇంకిపోవాలి, మంద్రగాలి మాత్రం తేలిగ్గా ఊగాలి. వంటలో ఉప్పులాంటిది... లేకపోయినా తప్పే, ఎక్కువైనా తప్పే.

ఇక మిగిలింది చిల్లు ఎక్కడుండాలన్న తగాదా. ‘ముందే ఉండాలి’ అన్నారు తండ్రి. ‘వెనకుంటే ఆ మిగిలిన మసక కూడా మనవైపు రాదు’ అంది కూతురు. మంద్రధ్వనికి దిక్కు తెలియదు. ముందునుంచి వచ్చినా వెనకనుంచి వచ్చినా చెవికి ఒకటే. కాకపోతే వెనక పెడితే గోడకి ఎడంగా జరపాలి. ఎటూ తేలలేదు. పెట్టెలు రెండున్నాయి కదా! ఒకదానికి ముందు చిల్లు అలాగే ఉంచారు. రెండోదానికి ముందు చిల్లు గుండ్రటి ప్లైవుడ్ ముక్కతో మూసేసి, వెనక కొత్తది కోశారు. రెండింటినీ మూలల్లోంచి లాగి గోడకి అడుగున్నర దూరంలో నిలబెట్టారు.

తీర్పు చెప్పాల్సింది ఎవరో అడగాలా?

కళ్లు మూసుకుంటే...

కనుమ నాడు మధ్యాహ్నం, భోజనాలయ్యాక ఆవిడని మధ్యలో కుర్చీలో కూర్చోబెట్టారు. ‘ఏ పెట్టె మోగుతోందో చూడకూడదమ్మా, కళ్లు మూసుకో. మాటలు ఎందులో బాగా తెలిస్తే అది చెప్పు’ అంది కూతురు. ఆవిడ నవ్వుతూ కళ్లు మూసుకుంది. ఘంటసాల పాట ముందు ఒక పెట్టెలో, తర్వాత రెండో పెట్టెలో. కాసేపటికి ఆపేశారు.

‘అమ్మా, ఏది బావుంది?’ వెనకనుంచి అడిగింది కూతురు.

ఆవిడ పలకలేదు. అలాగే కళ్లు మూసుకుని, పెదాలమీద చిరునవ్వుతో కూర్చుంది.

‘అమ్మా... నిన్నే.’

జవాబు లేదు. ఆయన నాలుగడుగులు ముందుకొచ్చారు. ‘ఏమే, మొదటిదా, రెండోదా?’ అన్నారు. ఆవిడ కదల్లేదు. కూతురు వెళ్లి భుజంమీద చెయ్యేసింది. ఆవిడ ఉలిక్కిపడి కళ్లు తెరిచింది.

‘అప్పుడే ఆపేశారేం?’

గదిలో ఎవరూ మాట్లాడలేదు. గోడగడియారం ఒక్కటే కొట్టుకుంటోంది. తండ్రీకూతుళ్లకి ఒక్కొక్కటే గుర్తుకు రాసాగాయి. ఏడాదిగా ఫోను మోగితే ‘మీరు తీయండి’ అని ఆయనకి అందించడం. వంటింట్లో వెనకనుంచి ఏం చెప్పినా ‘ఊఁ’ అని ఊరుకోవడం. టీవీలో వార్తలు చదివే మనిషి మొహం కనిపిస్తున్నంతసేపూ చూసి, బొమ్మలు రాగానే లేచిపోవడం. మొహం చూసి, పెదాలు చూసి ఆవిడ ఇన్నాళ్లూ నెట్టుకొచ్చింది. పాటకి పెదాలుండవు. అందుకే పాట దగ్గర ఓడిపోయింది.

‘చెప్పొచ్చు కదమ్మా?’ అంది కూతురు గొంతు పూడుకుపోతుండగా, మొహంలో మొహం పెట్టి.

‘శబ్దం వినపడుతూనే ఉంది. మాటే విడిపోవడంలేదు. పెట్టెలో లోపమో, నాలో లోపమో నాకెలా తెలుస్తుంది?’ అంది ఆవిడ. కాసేపాగి, ‘చెబితే మీ నాన్న మళ్లీ పరుపు చింపుతారని భయం’ అంది. ముగ్గురూ నవ్వారు. ముగ్గురి కళ్లూ తడిశాయి.

ఆపైన ఆవిడ తీర్పు కూడా చెప్పింది. రెండోది బావుంది, వెనక చిల్లుది. ‘అన్ని మాటలూ కాదు గానీ... అందులో కొన్ని తెలిశాయి.’

మెట్లు దిగిన గీత

గుంటూరులో చెవి డాక్టరు ఆవిడని గాజు తలుపుల గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేశారు. బయటికొచ్చాక చేతికిచ్చిన కాగితం మీద ఒక గీత. ఎడమవైపు, అంటే మంద్ర శబ్దాల దగ్గర, ఇంచుమించు మామూలుగానే ఉంది. కుడివైపుకి వెళ్లేకొద్దీ మెట్లు దిగినట్టు దిగిపోయింది.

వయసుతో వచ్చే వినికిడి లోపం సాధారణంగా పై శ్రుతుల దగ్గరే మొదలవుతుంది. అచ్చులు కిందుంటాయి, వినపడతాయి. స, శ, త, ప, ఫ లాంటి హల్లుల పదును పైనుంటుంది, అదే ముందు పోతుంది. మాట వినిపించినట్టే ఉంటుంది, ఏం మాటో తెలియదు. ‘పాలు’ అన్నారో ‘తాళు’ అన్నారో మొహం చూస్తేగానీ తేలదు. దీనికి తోడు కింది శబ్దాల హోరు ఎక్కువైతే, అది పైనున్న సన్నటి శబ్దాలను మింగేస్తుంది.

ఆయన అంతా విని, నేరం ఒప్పుకునేవాడిలా అడిగారు. ‘అయితే డాక్టరు గారూ... మా పెట్టె వల్లే చెవులు పాడయ్యాయా?’

డాక్టరు విషయం కనుక్కుని నవ్వారు. ఇంట్లో మామూలుగా పెట్టుకున్న పాటల వల్ల కాదు, వయసు వల్లే అన్నారు. కాకపోతే ఉన్న కాస్త వినికిడికీ ఆ హోరు అడ్డుపడి ఉంటుందని చెప్పారు.

తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీ పక్కన ఆవిడ, ఇవతల ఆయన. చాలాసేపు మౌనంగా కూర్చున్నారు. ఆయనకి ఒకటే ఆలోచన. వీధిలో ఎవరి రేడియో గరగరమన్నా క్షణంలో పట్టేసేవాళ్లమే... పక్కనున్న మనిషికి మాట అందడంలేదని ఏడాదిగా ఎందుకు పట్టలేకపోయాం? నారాకోడూరు దాటాక ఆవిడ వైపు తిరిగి, మొహం కనిపించేలా వంగి, నెమ్మదిగా అన్నారు... ‘ఇకమీదట వెనకనుంచి పిలవనులే.’

ఆవిడకి ఆ మాట మొత్తం తెలిసింది.

ఉఫ్... ఉఫ్...

ఉగాదికి ముందు ఆవిడకి చెవి మిషన్ వచ్చింది. మొదటి రెండు రోజులూ అన్నిటికీ ఉలిక్కిపడింది. గిన్నెల చప్పుడు, కుళాయి ధార, పేపరు మడతపెడితే ఫెళఫెళ. ‘ఇంట్లో ఇంత గోల ఉందా!’ అని ఆశ్చర్యపోయింది. పండగనాటికి అలవాటైంది. కూతురూ వచ్చింది.

ఉగాది పచ్చడి తిని ముగ్గురూ ముందుగదిలో కూర్చున్నారు. ఈసరికి రెండు పెట్టెలకీ చిల్లు వెనకే ఉంది. ఆయన పాట పెట్టారు. భార్య మొహంలోకే చూస్తున్నారు. ఆవిడ పెదాలు పాటతోపాటు కదులుతున్నాయి. మొదటి చరణం మొత్తం, ఒక్క మాట తప్పకుండా. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

తర్వాత మృదంగం జోరుగా వాయించే పాట వచ్చింది. ఆవిడ ఒక్కసారి నొసలు చిట్లించింది.

‘ఏమండీ, ఆ పెట్టె వెనక ఎవరో ఉఫ్ ఉఫ్‌మని ఊదుతున్నట్టు ఉందేమిటి?’

ఆయన చెవి ఒగ్గి విన్నారు. ‘నాకేం వినపడ్డంలేదే’ అన్నారు. పెట్టె దగ్గరికి వెళ్లి, వంగి, చెవి గొట్టం దాకా తీసుకెళ్లారు. ‘ఏం లేదే!’

‘ఉంది నాన్నా’ అంది కూతురు.

రంపంతో కోసిన గొట్టం అంచు పదునుగా, గరుకుగా ఉండిపోయింది. గాలి జోరుగా వెళ్లివస్తుంటే ఆ అంచు దగ్గర సుళ్లు తిరిగి బుసకొడుతుంది. సన్నటి చప్పుడు. దానికి మందు కూడా తేలికే. అంచుని గుండ్రంగా అరగదీయాలి.

ఆయన మాట్లాడకుండా గరుకు కాగితం తెచ్చుకున్నారు. పంచె మోకాళ్ల పైకి మడిచి, పెట్టె వెనక కూర్చుని, గొట్టం అంచుని లోపలా బయటా అరగదీయడం మొదలుపెట్టారు. వేలితో తడుముతూ, మళ్లీ అరగదీస్తూ అరగంట. రెండో పెట్టెకి మరో అరగంట. అదే పాట మళ్లీ పెట్టారు.

‘ఇప్పుడో?’

ఆవిడ కళ్లు మూసుకుంది. పాట అయ్యేదాకా తెరవలేదు. ‘పోయింది’ అంది.

ఆయన చేతికంటిన తెల్లటి పొడి దులుపుకున్నారు. కాసేపు పెట్టెకేసి, కాసేపు భార్య చెవికేసి చూశారు.

‘మళ్లీ గుంటూరు ఎప్పుడు రమ్మన్నారు డాక్టరు?’

‘నాకింకా ఆర్నెల్లుంది కదండీ!’

‘నీక్కాదులే’ అన్నారాయన.